పక్కవాద్యం లేని కచేరీ

తులసమ్మగారింట్లో రెండో పొయ్యి వెలిగింది!

ఇల్లంటుకున్నా ఆవిడ అంత బెదిరిపోయేవారు కాదేమో. ఇల్లంటుకుంటే వీధంతా బిందెలతో పరిగెత్తుకొస్తుంది. పెరట్లో కాయల పాక పక్కన మూడు ఇటుకలు పేర్చి రెండో కోడలు శకుంతల వెలిగించిన ఈ పొయ్యిని ఆర్పడానికి ఎవరొస్తారు? వచ్చినా చూసిపోవడానికొస్తారు గానీ ఆర్పడానికి కాదు! తెల్లవారి ఆవిడ పెరటి తలుపు తీసేసరికి పొగ... పొగ వెనకాల శకుంతల... శకుంతల ముందు చిన్న గిన్నెలో ఇద్దరికి సరిపడే కాఫీ నీళ్ళు! బంతులు బంతులుగా భోజనాలు చేసే ఆ ఇంట్లో ఇద్దరికి సరిపడే గిన్నె ఒకటుందన్న సంగతే తులసమ్మగారికి అంతవరకు తెలియదు.

"ఏంటమ్మా శకుంతలా ఇది?"

"కాఫీ అత్తయ్యా."

"అది కనపడుతూనే ఉంది. ఇక్కడెందుకూ అని..."

"లోపల మాటల కన్నా బయట పొగే నయంగా ఉందండీ."

వంటింటి కిటికీలోంచి పెద్దకోడలు విజయలక్ష్మి గొంతు వినపడింది. "పొగ కళ్ళకి మంచిదే అత్తయ్యా. ఉండనివ్వండి. పెద్దంతరం చిన్నంతరం కనపడని కళ్ళు కాస్త శుభ్రపడతాయి."

"విన్నారా అత్తయ్యా? విన్నారా...?"

తులసమ్మగారు విన్నారు. వినడం తప్ప ఆవిడ చెయ్యగలిగిందేమీ లేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే అరుగు మీద కూలబడిపోయారు.

ఇంతకీ ఈ చిచ్చు పెట్టింది ఆస్తి కాదు, అన్నం కాదు. సంగీతం!

నూజివీట్లో మామిడికాయల వర్తకం చేసే సుబ్రహ్మణ్యంగారి ఇంట్లో సంగీతం తెలిసినవాళ్ళు ఏ తరంలోనూ లేరు. అయినా ముగ్గురు కొడుకులకీ పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడు తులసమ్మగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఒకటే. "అమ్మాయికి సంగీతం వచ్చాండీ?" ఎందుకు అడిగారంటే ఆవిడే చెప్పలేరు. అడక్కపోతే ఆడపెళ్ళివారి దృష్టిలో మనం చులకనైపోమూ! పిల్ల భయం భయంగా ఓ కీర్తన వాయించేది. సుబ్రహ్మణ్యంగారు కళ్ళు మూసుకుని, అది అయిపోయిందో లేదో తెలియక, పక్కవాళ్ళు తలూపడం ఆపాక తానూ ఆపేవారు. అలా విజయలక్ష్మి వెంట ఒక ఫిడేలు, బెజవాడ నుంచి శకుంతల వెంట ఇంకో ఫిడేలు, కిందటి శ్రావణంలో శారద వెంట వీణ ఆ ఇంటికి చేరాయి. చేరిన మర్నాడే వాటికి గుడ్డ తొడుగులు కుట్టించారు. ఫిడేళ్ళు చావడి గోడకి ఎక్కాయి. వీణ బల్ల మీద పడుకుంది. ఇంటికొచ్చినవాళ్ళకి సుబ్రహ్మణ్యంగారు వాటిని చూపించి, "మా కోడళ్ళు ముగ్గురూ విద్వాంసురాళ్ళే!" అనేవారు. ఆ సమయంలో విద్వాంసురాళ్ళు ముగ్గురూ పెరట్లో మాగాయ ముక్కలు తరుగుతూ ఉండేవారు.

అంతా అలా చల్లగా సాగిపోతుండగా నరసింహులుగారు రేడియో కొన్నారు.

నరసింహులుగారిది ఎదురు వీధి, అదే వర్తకం. బెజవాడలో రేడియో స్టేషన్ పెట్టిన ఏడాది అది. సాయంత్రమయ్యేసరికి ఊళ్ళో పెద్దమనుషులంతా ఆయన అరుగు మీదే! సుబ్రహ్మణ్యంగారు కూడా వెళ్ళి ఓ చివర కూర్చుని, ఆ పెట్టెలోంచి కచేరీ వస్తున్నంతసేపూ కడుపులో మంటతో విన్నారు. చివరికి పట్టలేక అనేశారు.

"ఎంతైనా పెట్టె పెట్టేనండీ. మనం భేష్ అంటే దానికి వినపడుతుందా? మా ఇంట్లో ముగ్గురున్నారు. వచ్చే ఏకాదశికి అందరూ మా ఇంటికి దయచెయ్యండి. కచేరీ!"

ఆ సంగతి కోడళ్ళకి రెండు రోజుల తర్వాత, అదీ పాలవాడి ద్వారా తెలిసింది.

వాయించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. నిజం చెప్పొద్దూ, ముగ్గురి గుండెలూ గంతులేశాయి! వచ్చిన చిక్కల్లా ఒకటే. కచేరీ అన్నాక మధ్యన కూర్చునేవాళ్ళు ఒకరుంటారు, పక్కవాద్యం వాయించేవాళ్ళు మిగతావాళ్ళు. మధ్యన ఎవరు?

"ఇంటికి పెద్దకోడల్ని. నేను పక్కన కూర్చుంటే లోకం ఏమనుకుంటుంది?" అంది విజయలక్ష్మి.

"లోకం వినడానికొస్తోందా, వరసలు చూడ్డానికొస్తోందా?" అంది శకుంతల.

"ఎక్కడైనా ఫిడేలుకి వీణ పక్కవాద్యం వాయించిందా అక్కయ్యా? అమ్మ వింటే నవ్వుతుంది," అంది శారద, కొత్తకోడలు కాబట్టి చాలా మెల్లగా... అందరికీ వినపడేలా.

అక్కణ్ణుంచి మాటలు సంగీతం దాటి పప్పుదాకా, పప్పు దాటి పుట్టిళ్ళదాకా వెళ్ళాయి. ముగ్గురు కొడుకులూ బుద్ధిమంతులు. తల్లి ముందు తల్లి మాట, భార్య ముందు భార్య మాట అనేవారు. ఇద్దరూ ఉన్నచోట ముసునూరు తోటలో పనుందని వెళ్ళిపోయేవారు. అలా వెళ్ళడం కూడా చాలక చివరికి పెద్దాడు వెంకటరమణ తండ్రి దగ్గరకొచ్చి, "రోజూ ఈ గోల పడలేం నాన్నా. వేరుపడితే ఎవరి బతుకు వాళ్ళది," అన్నాడు. తమ్ముళ్ళిద్దరూ నేల చూశారు. కాదనలేదు.

సుబ్రహ్మణ్యంగారు ఆ రాత్రి అన్నం సయించక, మూడోసారి మజ్జిగ మాత్రం పోయించుకుని, ఒక నిర్ణయానికొచ్చారు.

"ఏకాదశికి పెద్దమనుషులంతా ఎలాగూ వస్తున్నారు. ముందు కచేరీ, తర్వాత పంపకాలు. వచ్చినవాళ్ళకి రెండుసార్లు కాఫీలెందుకు?"

తులసమ్మగారి చేతిలో మజ్జిగ గరిటె అలాగే ఉండిపోయింది. పంపకాలు...! ఆ మాట ఆవిడకి కొత్త కాదు. చాట్రాయిలో ఆవిడ పుట్టింట్లో అన్నదమ్ములు వేరుపడ్డ ఏడాది నడవ మధ్యన గోడ లేచింది. వాళ్ళమ్మ వాటా ఇవతల, చిన్న మనవడు అవతల. ఆ ముసలావిడ మధ్యాహ్నాలు గోడకి చెవి ఆనించి కూర్చునేది. "పిల్లాడు ఏడుస్తున్నాడే... ఎవరూ ఎత్తుకోరేం?" అనేది. గోడ చుట్టి వెళ్ళి ఎత్తుకోవడానికి అభిమానం అడ్డం! అలా చెవి ఆనించీ ఆనించీ ఆ గోడకి సున్నం రాలి ఓ మచ్చ పడింది. ఆ మచ్చ తలుచుకుంటే తులసమ్మగారికి ఇప్పటికీ అన్నం దిగదు. ఇప్పుడు అదే గోడ తన ఇంట్లో...! రెండో పొయ్యి అప్పుడే వెలిగింది! ఇంకేం మిగిలింది?

ఆ పొద్దున పెరటి అరుగు మీదనుంచి లేచి ఆవిడ తిన్నగా చావట్లోకి వెళ్ళారు. గోడ మీద ఫిడేళ్ళు రెండూ దింపారు. వీణని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. "ఈ మూడు చెక్కలే కదా నా కొంప కూల్చాయి..." అనుకుంటూ తాళం ఉన్న గది కోసం చూశారు. ఆ ఇంట్లో తాళం ఉన్నది కాయల గదికొక్కదానికే. కోడళ్ళ నగలు పెట్టిన బీరువాకి కూడా తాళం లేదు గానీ, మాగేసిన చిన్నరసాలకి తాళం లేకుండా ఏ వర్తకుడు నిద్రపోతాడు చెప్పండి! గదిలో మోకాలెత్తు వరిగడ్డి, గడ్డిలో పొరలు పొరలుగా కాయలు. ఫిడేళ్ళు గుమ్మం దగ్గర చిలక్కొయ్యకి తగిలించి, వీణ కుండని మెత్తగా ఉంటుందని గడ్డిలోకి దిగేసి, దండిని గోడకి ఆనించి, తలుపేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు.

వర్తకుడి పెళ్ళాం. ఇన్నేళ్ళుగా ఆ గదిలో చెయ్యి పెట్టి వేడి చూసి పండు ఎప్పుడు మాగుతుందో చెప్పగల మనిషి. ఆ వేడి పండుకి తప్ప ఇంకదేనికైనా తగులుతుందన్న ఆలోచనే ఆవిడకి రాలేదు!

వారం గడిచింది. మాగిన పండ్లు బయటికి తియ్యాల్సి వచ్చి తలుపు తీశారు. గుప్పుమని తియ్యటి ఆవిరి మొహాన కొట్టింది. మసక వెలుగులో వీణ కనపడింది. దాని తొడుగు మీద ఏదో కారినట్టుంది...

"శారదా! ఓ శారదా! ఇలా రా తల్లీ!"

శారద వచ్చి తొడుగు తీసి చూసింది. వీణ మీద ఇత్తడి మెట్లు నిలబెట్టే నల్లమైనం కుండవైపు సగం మేర కరిగి, జారి, మళ్ళీ ఆనినచోటే బిగుసుకుంది. మెట్లు వరస తప్పి, గాలివానకి వాలిన కంచెలా ఒకదాని మీదొకటి ఒరిగాయి. ఆ పిల్ల ఏడవలేదు. ఆ మెట్ల మీద వేలు పెట్టి అలా చూస్తూ ఉండిపోయింది. ఏడిస్తే బాగుండు భగవంతుడా అనిపించింది తులసమ్మగారికి!

"అమ్మ వాయించిన వీణ అత్తయ్యా... పెళ్ళిలో ఇస్తూ, జాగ్రత్తే అంది..."

"నేనేనమ్మా! నేనే చేశాను! తాళమేసి దాస్తే నా ఇల్లు నిలుస్తుందనుకున్నాను... పాపిష్టిదాన్ని..."

అత్తగారు కోడలి చేతులు పట్టుకుని ఏడవడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఆ ఏడుపుకి వంటింట్లోంచి విజయలక్ష్మి, పాక పక్కనుంచి శకుంతల ఒకేసారి పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు.

కబురంపితే బడిలో తెలుగు చెప్పే భానుమూర్తి మాస్టారు వచ్చారు. ఆయన వంశం గుళ్ళో కీర్తనలు పాడే వంశం. ఊరికి సంగీతంలో సందేహమొస్తే ఆయనే దిక్కు. వీణని తిప్పి చూసి పెదవి విరిచారు.

"మెట్లు కట్టేవాడు బెజవాడ నుంచి రావాలమ్మా. వాడు కూడా ఈ రోహిణి ఎండల్లో మైనం ముట్టుకోడు, ఆరదు. తొలకరి దాకా ఈ వీణ మూగదే. కచేరీ మానుకోండి."

మానుకోండి అనగానే తులసమ్మగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. కచేరీ లేకపోతే ఏకాదశినాడు మిగిలేది పంపకాలొక్కటే!

అప్పుడు శకుంతల నోరు విప్పింది. తోడికోడళ్ళతో మాట్లాడి వారమైంది కాబట్టి వీణతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. "కింద స్వరాల మెట్లు బాగానే ఉన్నాయిగా. మంద్రంలో పలుకుతుంది. పైన పలకదు. ఏదీ, మీటు శారదా..."

శారద మీటింది. తీగలు బిగించే బిరడాల వైపు మెట్లు చెక్కుచెదరలేదు. మందంగా, గుండెల్లోంచి వచ్చినట్టు మోగింది. మధ్యలోకి వచ్చేసరికి వెర్రికేక!

"చాలు. నీది కింద. పైన మేం చూసుకుంటాం."

"అంటే కీర్తన ముక్కలు చేసి ముగ్గురూ పంచుకుంటారా?" మాస్టారు అదిరిపడ్డారు. "అదేమన్నా మామిడితోటా అమ్మా? కీర్తన!"

శకుంతల తలొంచుకుని చెప్పింది. బెజవాడలో వాళ్ళ నాన్న కొట్టు వెనకాల రైల్వే క్వార్టర్లు. అక్కడ ఓ దొరల కుటుంబంలో నలుగురు పిల్లలు ఆదివారం పూట నాలుగు వాద్యాలు వాయించేవారు. మూడు గడ్డం కింద పెట్టుకునే ఫిడేళ్ళు, ఒకటి మోకాళ్ళ మధ్య నిలబెట్టుకునే పెద్దది. నలుగురూ నాలుగు రకాలు వాయించేవారు. "గోడ పక్కన నిలబడి వినేదాన్నండీ. వీళ్ళు కొట్టుకోరేంటా అనుకునేదాన్ని. ఎవరిది వాళ్ళు వాయిస్తున్నా... అంతా ఒకటే పాట! మన కీర్తన అలా వాయిస్తే ఎలా ఉంటుందా అని అప్పట్నుంచీ..."

"నేను కింద గీరుతూ ఉంటాను, నువ్వు పైన కీర్తన వాయిస్తావు. అంతేనా?" అంది విజయలక్ష్మి. "పక్కవాద్యానికి పేరు మార్చావు."

"కాదక్కా. పల్లవి సగం నాది, సగం నీది. చరణంలో నేను నీకు కింద పడుంటాను."

కీర్తన కళ్యాణిలో పాతది, ముగ్గురికీ చిన్నప్పుడే వచ్చింది. ఆ పూట నుంచి చావట్లో సాధన మొదలైంది. సాధనంటే ఏమనుకున్నారు? పోట్లాటే! "తొందరెందుకే?" "సాగదీత ఎందుకక్కా?" "నా వంతు రాలేదింకా!" ఇలా పొద్దున్నించి సాయంత్రం దాకా. పెద్దకోడలు కాపురానికొచ్చిన ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ తులసమ్మగారే వంట గరిటె పట్టారు. రుచులు మరిచిపోయి ఉప్పు లేకుండా దించిన పప్పు సుబ్రహ్మణ్యంగారు మారు మాట్లాడకుండా తిన్నారు. పాక పక్కన పొయ్యిలో పిల్లి పడుకుంది.

ఒక మధ్యాహ్నం తులసమ్మగారు తలుపు పక్కన బియ్యం ఏరుతుంటే విజయలక్ష్మి అడగడం వినపడింది.

"శకుంతలా, ఒకటి అడుగుతాను. నా వంతుకి అన్నీ నిలకడ స్వరాలే ఇచ్చావు. గబగబా పరిగెత్తేది ఒక్కటీ లేదేం?"

"అక్కడ నిలకడే అందం అక్కా."

"నాకు అబద్ధాలు చెప్పకు."

"సాధన మొదలుపెట్టిన రోజే నీ చెయ్యి చూశానక్కా," అంది శకుంతల. "ఉంగరపు వేలు వంగట్లేదు నీకు..."

విజయలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో విరిగింది. "కాపురానికొచ్చిన మూడో ఏడాది ఆవపిండి విసురుతుంటే వేలు తిరగలి కింద పడింది. అప్పట్నుంచీ అంతే. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని తప్పించుకోడానికంటారేమోనని... మధ్యన కూర్చుంటానని ఎందుకు పట్టుబట్టానంటావ్? మధ్యన కూర్చున్నదాన్ని ఎవరూ చేతులకేసి చూడరు, మొహంకేసి చూస్తారు. పక్కన కూర్చుంటే నీతో సమానంగా పరిగెత్తాలి. పరిగెత్తలేను..."

"పరిగెత్తడానికి నేనున్నాగా అక్కా!"

తులసమ్మగారి చేట వంకరై బియ్యం నేలపాలయ్యాయి. అయిదేళ్ళు! ఆ చేత్తోనే ఈ ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఆ పిల్ల! తను రోజూ ఆ చేతి వంట తిని, ఉప్పు ఎక్కువైందని, కారం తక్కువైందని చెప్పింది గానీ... ఆ చేతిని ఒక్కసారి చూసిందా? ఆ రాత్రి వడ్డిస్తూ ఆవిడ పెద్దకోడలి చెయ్యి పట్టుకుని దీపం దగ్గరకి తీసుకెళ్ళారు. ఆముదం రాస్తూ కూర్చున్నారు. విజయలక్ష్మి మొహం పక్కకి తిప్పుకుంది.

ఏకాదశి సాయంత్రం చావట్లో పెట్రోమాక్స్ లైటు వెలిగింది. ఊరి పెద్దలందరూ వచ్చారు. నరసింహులుగారు రేడియో కట్టేసి మరీ వచ్చి, "చూద్దాం, ఏముందో," అన్నట్టు ముందు వరసలో కూర్చున్నారు. భానుమూర్తి మాస్టారు తప్పులు పట్టుకోవడానికి తాళం వేసే చెయ్యి సిద్ధంగా తొడ మీద పెట్టుకున్నారు. ప్లీడరు లక్ష్మీనరసింహారావుగారు పంపకాలు చెయ్యడంలో పేరున్న మనిషి. ఆయన కచేరీ అయ్యేదాకా ఓ కునుకు తీద్దామని స్తంభానికి ఆనుకున్నారు. ముగ్గురు కొడుకులూ తప్పు చేసినవాళ్ళలా గుమ్మం దగ్గర నిలబడ్డారు. తులసమ్మగారు వంటింటి తలుపు చాటున, పొయ్యి మీద పాలగిన్నె, చేతిలో గరిటె, ఇష్టదైవాలందరికీ మొక్కులు... ఈ కచేరీ అయిపోకూడదు, అయిపోతే గోడ లేస్తుంది. అంతకన్నా ఆవిడ ఇంకేమీ కోరలేదు.

కోడళ్ళు వచ్చి కూర్చున్నారు. వరసగా కాదు, గుండ్రంగా, ఒకరి మొహం ఒకరికి కనపడేలా. మధ్యన ఎవరూ లేరు. సభలో గుసగుసలు లేచాయి.

శకుంతల కమాను ఎత్తింది. పల్లవి ఒంటరిగా, ఏ నగా పెట్టుకోని పెళ్ళికూతురిలా వచ్చింది. మాస్టారు తాళం అందుకున్నారు. రెండోసారి అదే పల్లవి మొదలయ్యేసరికి కింద నుంచి విజయలక్ష్మి ఫిడేలు మేలుకుంది. అదే పాట కాదు... వేరే ఏదో. పొడుగ్గా, నిదానంగా, పాట కింద నీడ పరుచుకున్నట్టుగా. మూడోసారి శారద వీణ మంద్రంలో మోగింది. ఒక్కో మీటుకీ చావడి నేల కదిలినట్టయింది. అప్పటిదాకా గాల్లో ఉన్న పాటకి అడుగున భూమి దొరికింది!

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పమంటే ఆ సభలో ఎవరూ చెప్పలేరు. స్వరం శకుంతల దగ్గర బయల్దేరేది. సగం దారిలో అది విజయలక్ష్మి దగ్గర ఉండేది. చేతులు మారింది ఎక్కడ? ఎవరికీ తెలియదు! చివరికి శారద వేళ్ళ కింద వాలి నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దం కూడా ముగ్గురూ కలిసి వాయించినట్టే ఉండేది. నరసింహులుగారు మెడ చాచి, వెనక గదిలో ఇంకెవరైనా కూర్చుని వాయిస్తున్నారేమోనని చూశారు. ఎవరూ లేరు. "ముగ్గురేనా? ముగ్గురేనా అండీ?" అని పక్కాయన్ని అడిగి, సమాధానం వినకుండా మళ్ళీ ఇటు తిరిగారు.

చరణం వచ్చింది. విజయలక్ష్మి చరణం ఎత్తుకుంది. ఒక్కో స్వరం మీదా నిలబడి, వంగని వేలిని పక్క వేలితో మోస్తూ, నెమ్మదిగా... ఆ నెమ్మదిలో ఎనిమిదేళ్ళు వినపడ్డాయి. అదే క్షణంలో శకుంతల పల్లవి అందుకుంది! చరణం ఒకరిది, పల్లవి ఒకరిది, రెండూ ఒకేసారి! మాస్టారు "అయ్యో!" అనబోయి ఆగిపోయారు. ఎందుకంటే ఆ రెండూ ఢీకొట్టుకోలేదు. రెండూ వేరు వేరు దారుల్లో నడిచాయి. ఒకటి ఆగినచోట ఒకటి పలికింది. ఒకటి ఎక్కినచోట ఒకటి దిగింది. దూరంగా వెళ్ళిపోయాయి, ఇక కలవవనిపించేటంత దూరం... వెళ్ళి, తిరిగి, శారద మంద్రంలో పట్టుకుని ఉన్న ఒక్క స్వరం మీదకి రెండూ వచ్చి వాలాయి.

మాస్టారి చెయ్యి తొడకి జానెడు ఎత్తున ఆగిపోయింది. తాళం మరిచిపోయిన ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. వీధిలో బెజవాడ రైలు స్టేషనుకి కాయలు తోలుకెళ్ళే బండ్లు ఆగాయి. బండివాడు సవరయ్య నొగల మీదనుంచి దిగి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఎడ్ల మువ్వలు మోగకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ప్లీడరుగారు నిద్రపోలేదు. ఎప్పుడు లేచి కూర్చున్నారో ఆయనకే తెలియదు.

లోపల పాలు పొంగి పొయ్యిపాలయ్యాయి. పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డ ఆడది ఆ ఇంట్లో అంతవరకు పుట్టలేదు. తులసమ్మగారు చూడను కూడా లేదు. ఆవిడకి రాగం తెలియదు, తాళం తెలియదు. ఎవరిది ఏ స్వరమో అసలే తెలియదు. కానీ ఒళ్ళంతా ఏదో పాకింది. నా ఇంట్లోనా ఇది? గోడకి వేలాడేసి ఉంచింది దీన్నా? మాగాయ తరగమని, పిండి విసరమని నేను కూర్చోబెట్టింది వీళ్ళనా...? తనకి తెలియని పెద్దదేదో నడిచొచ్చి తన చావట్లో కూర్చుంది. దానికి పీట వేయడం కూడా తనకి రాదు!

కీర్తన ముగిసింది. చప్పట్లు లేవు. పెట్రోమాక్స్ బుస ఒక్కటే వినపడింది.

చాలాసేపటికి సుబ్రహ్మణ్యంగారు గొంతు సవరించుకున్నారు. "ఊఁ... ఆ రెండో సంగతి కూడా కానిచ్చేస్తే..."

ప్లీడరుగారు అలవాటు కొద్దీ కొడుకుల వైపు తిరిగారు. "ఏం నాయనా వెంకటరమణా? వేరుపడడం ముగ్గురికీ సమ్మతమేనా?"

వెంకటరమణ భార్య వైపు చూశాడు. తమ్ముళ్ళూ భార్యల వైపు చూశారు. వాళ్ళు ముగ్గురూ ఇటు చూడ్డం లేదు.

"రెండోసారి నువ్వు తొందరపడ్డావ్ అక్కా."

"నేనా? చరణం దగ్గర నువ్వే ఆగిపోయావ్!"

"నేనెందుకాగుతాను? నీకోసం చూశాను!"

తులసమ్మగారు తలుపు రెక్క పట్టుకున్నారు. మళ్ళీనా...! ఇందరి ముందా!

"నేనొక్కదాన్నే సరిగ్గా ఉన్నాను," అంది శారద.

"నువ్వూరుకో!" అన్నారు అక్కలిద్దరూ ఒక్క గొంతుతో.

"అమ్మాయిలూ," అన్నారు ప్లీడరుగారు. "ఇక్కడ పెద్దలం కూర్చున్నాం. పంపకాల విషయం..."

"ఒక్క నిమిషం ఆగండి బాబాయిగారూ!" విజయలక్ష్మి తలెత్తలేదు. "ముందు మా చరణం తేలనివ్వండి. ఏదీ, మళ్ళీ అక్కణ్ణుంచి. శారదా, పట్టుకో."

మామగారి ముందు ఏనాడూ గొంతెత్తని పిల్ల! సభంతా సుబ్రహ్మణ్యంగారి వైపు తిరిగింది. ఆయన కోడళ్ళ వైపు చూసి, "తేలనివ్వండి ప్లీడరుగారూ," అన్నారు. ఆ గొంతు ఆయనది కానట్టుంది.

ప్లీడరుగారు కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నావల్ల కాదండీ. ఈ ఇంటికి ఇంకెవరినన్నా చూసుకోండి," అని గోడ దగ్గరకి జరిగి, వినడానికి వీలుగా కూర్చున్నారు. గుమ్మంలో నిలబడ్డ ముగ్గురు కొడుకులూ ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూలబడ్డారు. పంపకాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గుర్తొచ్చినవాళ్ళు కూడా, ఇప్పుడా మాట అనడం అమర్యాదనుకున్నారు.

చరణం మళ్ళీ మొదలైంది. తులసమ్మగారు తలుపు చాటునుంచి బయటికొచ్చారు. మగవాళ్ళు నిండుగా ఉన్న చావట్లోకి ఆవిడ రావడం పెళ్ళైన ఇన్నేళ్ళలో అదే మొదలు. ఎవరూ వింతగా చూడలేదు. ఎవరికీ అటు చూసే తీరిక లేదు. వచ్చి కోడళ్ళకి దగ్గరగా, శారద వీణ మోగితే నేలలోంచి ఆ అదురు ఒంటికి తెలిసేంత దగ్గరగా కూర్చున్నారు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

తుడుచుకోవడానికి చెంగు ఎత్తి, మళ్ళీ దించేశారు. చీర చప్పుడుకి ఎక్కడ ఓ స్వరం వినపడకుండా పోతుందోనని భయం!